అంశమును భరణమును – ధర్మశాస్త్రములందు వికలాంగుల స్థితి

పాణినీయమున విభక్తిప్రకరణమునందు, ఏ యవయవముయొక్క వికారముచేత నవయవి వికృతుఁడుగాఁ దోఁచునో, యా యవయవమును జెప్పు శబ్దమునకుఁ దృతీయావిభక్తి వచ్చునని యొక సూత్రము కలదు. కంటిచేతఁ గాణుఁడు, కాలిచేత ఖంజుఁడు అనునవి దాని కుదాహరణములు. సూత్రము మిక్కిలి చిన్నది. విద్యార్థులు దీనిని వల్లించి ముందునకుఁ బోవుదురు. కాని యిచటఁ గాశికాకారు లిచ్చిన ప్రత్యుదాహరణమొకటి నిలిచి యాలోచింపఁదగినది. వీని కన్ను కాణము అన్నచోఁ దృతీయ రాదు. అచట వికారము కంటికే పరిమితమైనది. పురుషుఁడు పురుషుఁడుగానే యున్నాఁడు. మొదటి వాక్యమున నట్లు గాక, యొక్క కన్ను చెడినంతనే మనుష్యుఁడంతయుఁ గాణుఁడై పోయినాఁడు.

వ్యాకరణమున కిది విభక్తిభేదము మాత్రమే. ధర్మశాస్త్రమునకు వచ్చునప్పటి కిదియే యిల్లు, పొలము, పని, పంక్తి, పేరు అను వాని నన్నిటిని నిర్ణయించు భేదమైనది. కన్నులులేని కుమారుఁడు తండ్రియింట భాగస్థుఁడా, లేక యా యింట నన్నము తినువాఁడు మాత్రమేనా యను ప్రశ్నము రెండువేల యేండ్లు నడచి, 1928వ సంవత్సరమునఁ జాలవఱకును, 1956వ సంవత్సరమునఁ బూర్తిగాను సమాధానము పొందినది. ఆ చరిత్రమును మూలగ్రంథములనుండి పరిశీలించుట యిచటి యుద్దేశము.

మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున దాయవిభాగమును జెప్పుచు స్మృతికర్త నపుంసకుని, పతితుని, పుట్టంధుని, పుట్టుచెవిటిని, ఉన్మత్తుని, జడుని, మూఁగను, ఇంద్రియశూన్యులైన యితరులను నిరంశులుగాఁ బరిగణించెను. అనఁగా వీరికిఁ బిత్రార్జితమునఁ బాలు లేదు. ఇంతవఱకుఁ జదివి గ్రంథమును మూసినవారు మనువును నిర్దయుఁడని నిందింతురు. మఱి కొందఱు తరువాతి శ్లోకమును మాత్రమే చూపి యాయనను దయామయుఁడని కొనియాడుదురు. రెండును జదువవలెను. తరువాతి శ్లోకమున, వివేకముగల దాయాది వీరికందఱకును శక్తికొలఁది గ్రాసాచ్ఛాదనముల నొసఁగుట న్యాయమనియు, నొసఁగనివాఁడు పతితుఁడగుననియుఁ జెప్పఁబడినది. ఆ దానమునకు విశేషణముగా వేయఁబడిన యత్యంత శబ్దమునకు విజ్ఞానేశ్వరుఁడు యావజ్జీవమని యర్థము వ్రాసెను. కాఁబట్టి యిది పండుగనాఁటి భిక్ష కాదు; బ్రదికినంతకాలము తీర్పవలసిన ఋణము.

ఇచట నొక సూక్ష్మము కలదు. నిరంశుల పట్టికలో రెండవవాఁడు పతితుఁడు. భరణము నీయని దాయాదియుఁ బతితుఁడే యగునని మనువు. కావున నంధుఁడైన యన్నకుఁ గూడు పెట్టని తమ్ముఁ డా యన్న కూర్చున్న వరుసకే వచ్చి కూర్చుండును. అంతకంటె దిగువకే దిగునని చెప్పవలెను. ఏలయన బోధాయనుఁడును గౌటిల్యుఁడును దక్కిన నిరంశులకెల్ల భరణముఁ జెప్పి, పతితునకు మాత్ర మదియును వలదనిరి. స్మృతికర్త శిక్షను వేఱుగా వ్రాయక, పట్టికలోని పదముచేతనే సూచించినాఁడు.

మూఁడవ శ్లోకమున, వీరికి వివాహేచ్ఛ కలిగెనేని వీరి సంతానము దాయమున కర్హమని కలదు. కాఁబట్టి పెండ్లి నిషిద్ధము గాదు. అంశము తండ్రిని దాఁటి మనుమనికిఁ బోవును. నడుమనున్నవాఁడు మాత్రము దానిని గన్నులఁ జూడఁడు.

అందఱు సూత్రకారులు నొక్క మాటయే చెప్పిరనుట సరికాదు. ఆంధ్రదేశమున వైదికకర్మలయం దెక్కువ మంది యనుసరించు నాపస్తంబుఁడు, తండ్రి బ్రదికియుండఁగనే కొడుకులకు సమముగాఁ బంచవలెనని చెప్పి, నపుంసకుని, నున్మత్తునిఁ, బతితుని మాత్రమే విడిచెను. అంధుని పేరు గాని బధిరుని పేరు గాని పంగుని పేరు గాని యచట లేదు. గౌతముఁడు జడుని, నపుంసకుని బోషింపవలెననియు, జడుని కొడుకునకు భాగము కలదనియు సంగ్రహముగాఁ బలికెను. యాజ్ఞవల్క్యుఁడు పంగుని, నసాధ్యరోగముగలవానినిఁ జేర్చి పట్టికను బెంచెను. సూత్రములనుండి స్మృతులకు వచ్చుకొలఁది నిరంశుల సంఖ్య పెరిగినదని చెప్పుట కిదియొక తార్కాణము. ఆపస్తంబసూత్రులైన కుటుంబములు సైతము వ్యవహారమునఁ దమ సూత్రకారుని విడిచి మితాక్షరను బట్టుకొనుటచేత, నీ విషయమున దూరమైనది తమ కులగ్రంథమునకే యని యెవరును గుర్తించినట్లు లేదు.

నారదుని మాట వేఱుగాఁ జెప్పవలసియున్నది. దీర్ఘరోగులను, జడోన్మత్తాంధపంగువులను గులమునందే భరింపవలెనని యాయన విధించెను. మనువుచేతఁ జెప్పఁబడినవి గ్రాసమును ఆచ్ఛాదనమును మాత్రమే. తిండియు బట్టయుఁ గలవు; ఇల్లు లేదు. దానిని నారదుఁడు సప్తమీవిభక్తితోఁ బూరించినాఁడు. అధికరణార్థమున సప్తమి యుండఁగా, భరణము కులమునకు వెలుపల, నూరి చివర సత్రమున జరుగరాదనియే తాత్పర్యము. పోషింపఁబడువాఁ డింటిలోనివాఁడుగా నుండవలెను.

ఇఁక మితాక్షర. కల్యాణపురమునఁ జాళుక్యచక్రవర్తి యాఱవ విక్రమాదిత్యుని కాలమున, అనఁగాఁ గ్రీ. శ. 1076 మొదలు 1126 వఱకుఁ గల కాలమున, విజ్ఞానేశ్వరుఁడు యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్య వ్రాసెను. వంగదేశముఁ దప్పించి భారతదేశమంతట నీ గ్రంథమే వ్యవహారప్రమాణమైనది. పదుమూఁడవ శతాబ్దిలో, తెలుఁగున నాంధ్రభాషాభూషణమను తొలి వ్యాకరణమును రచించిన మూలఘటిక కేతనయే దీనిని విజ్ఞానేశ్వరీయమను పేరఁ బద్యకావ్యముగాఁ దెనిఁగించెను. తన భాషకు లక్షణము చెప్పినవాఁడే తన జాతికి న్యాయమును జెప్ప నుద్యమించుట శాబ్దికులు సంతసింపఁదగిన విషయము.

విజ్ఞానేశ్వరుఁడు వచనమును దాఁటలేదు. కాని దానిని నలువైపులనుండియు బిగించెను. దోషము విభాగమునకు ముందున్నచోనే భాగము పోవును. పంపకములైన పిమ్మట గ్రుడ్డివాఁ డైనవానియొద్దనుండి చేతికి వచ్చిన భాగమును లాఁగుకొన రాదు. విభాగానంతర మౌషధాదులచేత దోషము పోయెనేని, పంపకములైన తరువాతఁ బుట్టిన కొడుకునకు వలెనే వానికిని భాగము తిరుగఁ జేరును. కొడుకులు దోషరహితులైనచో వారు భాగహరులు. కొమార్తెలను బెండ్లియగు వఱకుఁ బోషింపవలెను. కొడుకులులేని భార్యలు సద్వృత్తి గలవారైనచో వారిని జీవితాంతము భరింపవలెను. ఇట్లు వ్యాఖ్యాత యొక్క మనుష్యునకుఁ బోయిన యంశమును వాని చుట్టునున్న వారిద్వారమునఁ గొంత కొంతగా నింటిలోనికిఁ దెచ్చినాఁడు. ప్రత్యేకముగా రోగము కుదిరినవానికి భాగమిచ్చుట గమనింపఁదగును. నిరంశత్వము పుట్టుకతో నంటిన మచ్చ కాదనియు, హేతువు పోయినఁ బోవు స్థితియే యనియు దీనివలన సిద్ధించును.

మఱి యా హేతువెయ్యది? సాధారణముగాఁ జెప్పఁబడునది యజ్ఞానధికారము. జైమిని యాఱవ యధ్యాయము మొదటి పాదమున నంగహీనుని యధికారమును విచారించి, వైకల్యము తొలఁగింప శక్యమైనచో నధికారము కలదనియు, శక్యము కానిచో లేదనియు నిర్ణయించెను. ఆజ్యమును జూడవలసినచోఁ జూడలేఁడు, విష్ణుక్రమములు నడువవలసినచో నడువలేఁడు; కావున యాగము చేయలేఁడు. ధనము యజ్ఞముకొఱకే కలిగినది. యజ్ఞము చేయనివానికి ధనముతోఁ బని లేదు. ఇది వాదము.

ఈ వాదమున రెండవ యంగమును విజ్ఞానేశ్వరుఁడే వేఱొకచోట ఖండించెను. అపుత్రుఁడైన భర్త ధనము భార్యకుఁ జెందునా యను ఘట్టమున, ధనము యజ్ఞార్థమే కావున యజ్ఞాధికారము లేని స్త్రీకి ధనము పొసఁగదని పూర్వపక్షము వచ్చినది. దానికాయన, ధనమంతయు యజ్ఞమునకే యైనచో దానహోమములకును, అర్థకామములకును దిక్కేది యని పరిహరించి పత్నికి భాగము నిలిపెను. స్వత్వము లౌకికమనియు, శాస్త్రమువలననే తెలియవలసినది కాదనియు సిద్ధాంతము చేసినవాఁడు నాయనయే. ఆ సిద్ధాంతమును నాలుగు శ్లోకముల యవతల నంధునకు వర్తింపఁజేసియుండినచో నేమగును? యజ్ఞమున నాజ్యావేక్షణము చేయలేనివాఁడు తోఁటలోని మామిడిచెట్టును దనదని చెప్పుకొనుట కాటంక మెక్కడిది? వితంతువుకొఱకు గెలిచిన న్యాయము పంగునికొఱకు మూగవోయినది. వచనబలముచేత నూరకుండెనని సమర్థించువారు సమర్థింతురుగాక. హేతువు పడిపోయిన తరువాత వచనము మాత్రము నిలిచినదనుట సత్యము.

రాజ్యదాయమునందును నిట్టి ద్వైధమే కనఁబడును. శంతనుని యన్న దేవాపి కథను యాస్కుఁడు నిరుక్తము రెండవ యధ్యాయమునఁ జెప్పినాఁడు. జ్యేష్ఠుని విడిచి కనిష్ఠుఁ డభిషిక్తుఁడగుటచేతఁ బండ్రెండేండ్లు వాన కురియలేదనియు, బ్రాహ్మణు లది యధర్మమనిరనియుఁ గలదు. అదే కథ భారతోద్యోగపర్వమున మఱియొక రూపమున వచ్చును. దేవాపికిఁ జర్మరోగముండుటచేత హీనాంగుఁడైన రాజును దేవత లభినందింపరని పౌరులును విప్రులును నడ్డుపడఁగాఁ దండ్రి కన్నీరు కార్చెను. మొదటి కథలో దోషము తమ్మునిది. రెండవదానిలో నన్న చర్మముది. ధృతరాష్ట్రుని కథయు నీ రెండవ రూపమునకే చేరును. కన్నులు లేవని రాజ్యము తప్పినవాఁడు, పాండురాజు వనమునకుఁ బోఁగానే, యా కన్నులతోనే రాజ్యము నేలినాఁడు. ఏలుటకుఁ దగినవాఁడు పాలు పొందుటకుఁ దగఁడాయెను. దుర్యోధనుని వాదమంతయు నీ బిందువుపై నిలిచినదే. అయినను నా భారతముననే సభాపర్వమున నారదుఁడు ధర్మరాజు నడిగిన ప్రశ్నములలో, అంధులను, మూఁగలను, బంగువులను, వికలాంగులను, బంధువులు లేనివారిని దండ్రివలెఁ గాపాడుచున్నావా యనునదియు నొకటి. ఇది దాయాది నడిగిన ప్రశ్నము గాదు, రాజు నడిగినది. భరణమున కింటితోఁబాటు రాజ్యమును బాధ్యమని యిందు స్పష్టము.

అంశము లేనివానికిఁ బని యుండెనా? ఈ ప్రశ్నమునకు స్మృతులకంటె నర్థశాస్త్రమే యెక్కువ చెప్పును. రుద్రపట్టణము శామశాస్త్రులవారు 1909లో మైసూరునందు దీనిని బ్రకటించునంతవఱకుఁ బండితులకు సైతము కౌటిల్యుఁడు పేరు మాత్రమే. రెండవ యధికరణమున సూత్రాధ్యక్షుని ప్రకరణము కలదు. ఇచట సూత్రమనఁగా శాబ్దికుల సూత్రము గాదు, నూలు. ఉన్ని, నార, ప్రత్తి, దూది, జనుము, క్షౌమము వీనిని వితంతువులచేతను, న్యంగలచేతను, గన్యలచేతను, బ్రవ్రజితలచేతను, దండుగను బనిచేసి తీర్చుకొను స్త్రీలచేతను, ముదుసళ్లైన రాజదాసులచేతను, గుడిసేవ చాలించిన దేవదాసులచేతను వడికింపవలెను. న్యంగయనఁగా నవయవలోపము గలది. ఈమె పేరు వితంతువు పేరు వెంటనే వచ్చినది. సత్రమున భోజనమునకుఁ గాదు, కూలికి.

ఆ కూలి యెట్టిదో కౌటిల్యుఁడు విడిచిపెట్టలేదు. నూలు సన్నమా, ముతకయా, మధ్యమమా యనియు, నెంత యనియుఁ జూచి వేతనము నిర్ణయింపవలెను. అవయవములను జూచి కాదు, నూలును జూచి. ఎక్కువ వడికినవారికి నూనె, యుసిరిక, నలుఁగుపిండి బహుమానముగా నీయవలెను. పండుగదినములలోఁ బనిచేయించినచో నధికముగా నిచ్చి గౌరవింపవలెను. ఇంటినుండి కదలనివారు, అనఁగాఁ బరదేశమునకుఁ బోయినవారి భార్యలు, వితంతువులు, న్యంగలు, కన్యకలు, తమ పొట్టను దాము పోసికొనఁ గోరుదురేని, అధ్యక్షుఁడు తన దాసీల నంపి వారి యింటికే పనిని జేర్చి, మన్ననతోఁ జేయింపవలెను. నడవలేనివారు శాలకు రాలేకపోయినచో శాలయే వారి గడపకుఁ బోవలెనన్నమాట. తామే వేకువను శాలకు వచ్చువారికి నూలు తీసికొని కూలి యిచ్చు నేర్పాటు. నూలును బరీక్షించుటకు సరిపోవు వెలుఁగు మాత్రమే దీపము.

ఇచటి శిక్షలను బోల్చి చూచిన నొక విశేషము గోచరించును. వచ్చిన స్త్రీ ముఖమును జూచినను, వేఱు ప్రసంగము చేసినను, నధికారికిఁ బూర్వసాహసదండము, అనఁగా 48 మొదలు 96 పణములు. కూలి యిచ్చుటలోఁ గాలము దాఁటించినచో మధ్యమసాహసము, అనఁగా 200 మొదలు 500 పణములు. కూలి నాలస్యము చేయుట కన్నెత్తి చూచుటకంటెఁ బెద్ద నేరము. ఎన్ని కార్యాలయములలో నీ నిష్పత్తి నేఁటికిని దెలియదో చెప్ప నవసరము లేదు. అయితే యర్థశాస్త్రమంతయు దయ యని భ్రమింపరాదు. కూలి పుచ్చుకొని పనిచేయని స్త్రీకి బొటనవ్రేలి సందంశమను క్రూరశిక్ష యచటనే విధింపఁబడినది. దానికి ఛేదనమని యర్థము చెప్పువారును గలరు. అదియే యర్థమైనచో నొక న్యంగను బోషింప నేర్పడిన శాలయే మఱియొక న్యంగను సృష్టించును.

కౌటిల్యుఁడు వికలాంగులకుఁ జూపిన యితరవృత్తులు ప్రశంసింపఁదగినవి గావు. అంతఃపురకక్ష్యలలోఁ గుబ్జవామనుల నుంచుట రాజుల వినోదము. గూఢచారులలోఁ గుబ్జ, వామన, మూక, బధిర, జడ, అంధులు చెప్పఁబడిరి గాని యచట ఛద్మశబ్దమున్నది. వారు నిజముగా నంధులు గారు. అంధుని యెదుట నెవ్వరును మాట దాఁచరు కావున నంధవేషము వేసినవారు. లోకుల యనాదరమే రాజునకు సాధనమైనది.

పనిచేసి సంపాదించిన వికలాంగులుండిరనుటకు మఱియొక యూహ కలదు. ఆపస్తంబుఁ డంధమూకబధిరులను రోగార్తులను బన్ను లేనివారిలోఁ జేర్చెను. మనువు ఎనిమిదవ యధ్యాయమున నంధుని, జడునిఁ, బీఠసర్పిని, డెబ్బదియేండ్ల వృద్ధునిఁ బన్నునుండి తప్పించెను. పీఠసర్పి యనఁగాఁ బీఠముపైఁ గూర్చుండి జరుగుచుఁ బోవువాఁడు, పంగుఁడని కుల్లూకభట్టు. పీఠము వానికిఁ గాలైనది. ఇప్పుడు తర్కింపవలసినది యిది. అంశము లేనివానికి, గ్రాసాచ్ఛాదనములు మాత్రమే గలవానికిఁ బన్నెక్కడిది? లేని పన్నును మాఫీ చేయుట వ్యర్థము. శాస్త్రమున వ్యర్థవచన ముండరాదు. కావున వానికి స్వార్జితమో, దానముచేత వచ్చినదో, వ్యవహారమున దక్కిన భాగమో కొంత యుండవలెను. స్మృతి నిరంశుఁడన్నను లోకము వానిని నిర్ధనుఁడుగా నుంచలేదని దీనిచేత నూహింపవచ్చును.

సంఘమునఁ గలసి బ్రదుకుటకుఁ గూడుగుడ్డలు చాలవు. పిలిచెడు పేరును గావలెను. వాక్పారుష్యప్రకరణమున స్మృతికారులు దీనిని మఱవలేదు. కాణుని గాణుఁడనియు ఖంజుని ఖంజుఁడనియు, సత్యమే యైనను, బలికినవానికిఁ గనీస మొక కార్షాపణము దండుగయని మనువు. యాజ్ఞవల్క్యుఁడు సత్యముచేతఁ గాని, యసత్యముచేతఁ గాని, వెక్కిరింపు స్తోత్రముచేతఁ గాని న్యూనాంగుల నాక్షేపించినవానికి నర్ధత్రయోదశపణములు విధించెను. అర్ధత్రయోదశమనఁగాఁ బదుమూఁడవది సగము, పండ్రెండున్నర యని గ్రహింపవలెను గాని పదుమూఁటిలో సగమని లెక్కవేయరాదు. కౌటిల్యుఁ డీ మూఁటిని విడఁదీసెను. ఉన్నమాట యన్నచో మూఁడు పణములు; లేని దోష మంటగట్టినచో నాఱు; గ్రుడ్డివానిని జూచి యెంత చక్కని కన్నులని పొగడినచోఁ బండ్రెండు. నిందకంటె నిందాస్తుతి నాలుగింతలు బరువైనది. మనుష్యుల నెఱిఁగినవాఁడు గావుననే యట్లు వ్రాసెను.

ఈ విభాగము నేఁటి నామవివాదమునకును దగిలియున్నది. 2015 డిసెంబరులోఁ బ్రధానమంత్రి వికలాంగపదమునకు బదులు దివ్యాంగపదమును సూచింపఁగాఁ, గేంద్రప్రభుత్వశాఖ పేరు సైతము హిందీలో నట్లు మాఱినది. ఆంధ్రప్రదేశమున విభిన్నప్రతిభావంతులను మాట వాడుకకు వచ్చినది. ఉద్దేశము గౌరవమే కాని వెక్కిరింపు గాదు. కావున దండము తగులదు. అయినను వికలాంగుల సంఘములు కొన్ని దివ్యత్వము తమ కక్కఱలేదని యభ్యంతరము తెలిపినవి. లోపించిన యంగమునే దివ్యమనుట స్తోత్రమో కాదో, యెవరిని గూర్చి చెప్పఁబడినదో వారే నిర్ణయింపఁదగినవారు.

నారదుఁడు కులమునందుఁ జెప్పిన భరణము చాలచోట్లఁ గులమును దాఁటి వెలుపలికిఁ బోయినదని చరిత్రము చెప్పును. క్రీ. శ. అయిదవ శతాబ్ది యారంభమునఁ బాటలీపుత్రమునకు వచ్చిన చీనాయాత్రికుఁడు ఫాహియాన్, అచటి వైశ్యగృహస్థులు పుణ్యశాలలు నిలిపి, దరిద్రులు, అనాథలు, వికలాంగులు, రోగులు వచ్చినచో నన్నము, ఔషధము, వైద్యుఁడు, సమస్తము సమకూర్తురనియుఁ, గుదిరినవెంటనే వారు తమంతఁ దాము వెడలుదురనియు వ్రాసెను. కర్ణాటమున బళ్లిగావెలోని కోడియమఠశాసనము క్రీ. శ. 1162 నాఁటిది. కాలాముఖుల యా మఠము దీనులకు, ననాథులకు, గుంటివారికి, గ్రుడ్డివారికిఁ, జెవిటివారికి నెడతెగక యన్నమిడు చోటని యందు వర్ణింపఁబడినది. ఆ మఠముననే వ్యాకరణములు పెక్కింటి పఠనమును జరిగినదనుట శాబ్దికులకుఁ గర్ణపేయము. తెలుఁగుసీమలో గుంటూరు మండలమునందలి మల్కాపురశాసనము, క్రీ. శ. 1261, కాకతి రుద్రమదేవినాఁటిది, విశ్వేశ్వరశంభువు గోళకీమఠమునకు సంబంధించినది. ప్రసూతిశాల, ఆరోగ్యశాల, బ్రాహ్మణాదిచండాలపర్యంతము నెల్లరకు నన్నసత్రము నందుఁ గలవు. ఇవి గొప్ప ధర్మములే. కాని సత్రమున నన్నము తినువాఁ డా సత్రమునకు యజమానుఁడు గాఁడు. తండ్రియింట నన్నము తినువాఁడు నా యింటికి యజమానుఁడు గాకపోయిన పక్షమున రెండు పీటలకును భేద మల్పము.

పనినిబట్టి గౌరవము వచ్చిన చోటును నొకదానిఁ బేర్కొనవచ్చును. విజయనగరమున 1919లో నేర్పడిన సంగీతకళాశాల, సంస్థానోద్యోగి యొకని యంధపుత్రుఁడు సంగీతము నేర్వఁగోరుటయే నిమిత్తముగా స్థాపింపఁబడినదని ప్రతీతి. ఆదిభట్ల నారాయణదాసు దాని ప్రథమాధ్యక్షుఁడు. ఆయన తరువాత నధ్యక్షపీఠ మెక్కిన ద్వారము వేంకటస్వామినాయుఁడు చూపు మందగించినవాఁడే. వాయులీనము నెఱిఁగినవా రాయన కమానును జూచిరి గాని కన్నులను జూడలేదు.

ఇంగ్లీషువారి న్యాయస్థానములకు మితాక్షర చేరిన పిమ్మట శబ్దవిచారమే వ్యాజ్యవిచారమైనది. మనువు జాతిశబ్దమును ద్వంద్వమునకు ముందు వేసెను. ద్వంద్వాదియందు వినఁబడు పదము ప్రతిపదముతోను సంబంధించునను న్యాయముచేత నంధబధిరు లిరువురును బుట్టుకతోనే యట్టివారై యుండవలెను. యాజ్ఞవల్క్యుని యంధపదమునకు జాతివిశేషణము లేదు. రెంటిని సమన్వయించి, నడుమ వచ్చిన యంధత్వము భాగమును హరింపదని న్యాయాధిపతులు స్థిరపఱచిరి. ఒక సమాసవిగ్రహముచేతఁ గొన్ని కుటుంబములలోఁ బొలములు నిలిచినవి.

శాసనముల క్రమము విచిత్రమైనది. 1850వ సంవత్సరపు టిరువదియొకటవ చట్టము కులభ్రష్టతచేతఁ గాని మతాంతరముచేతఁ గాని దాయహక్కు పోదని చెప్పెను. నిరంశులందఱిలో నధమునిగా నెంచఁబడి భరణమునకు సైతము నోచని పతితుఁడు మొదట విడుదల పొందినాఁడు. పుట్టి యే పాపము నెఱుఁగని యంధుఁడు మఱి డెబ్బదియెనిమిదేండ్లు వేచియుండెను. 1928వ సంవత్సరపుఁ బండ్రెండవ చట్టము రోగము, వైరూప్యము, శరీరముదో మనస్సుదో యగు లోపము కారణముగా నెవ్వనికిని భాగము పోఁగూడదని శాసించినది. దానిలోను నొక తలుపు మూయఁబడియే యున్నది. పుట్టుకనుండియు నున్మత్తుఁడో జడుఁడో యైనవాఁడు వెలుపలనే నిలిచెను; దాయభాగము ననుసరించు వంగదేశీయులకు నాచట్టము వర్తింపలేదు. 1956లో వచ్చిన హిందూవారసత్వచట్టము ఇరువదియెనిమిదవ విభాగమున నే రోగము, లోపము, వైరూప్యము నెవ్వరి వారసత్వమునకు నడ్డు గాదని యా తలుపునుం దెఱచినది. అదే సంవత్సరమున దత్తతభరణముల చట్టము భరణశబ్దమునకు నిర్వచనము చెప్పుచు, అన్నవస్త్రములకు నివాసమును, విద్యను, వైద్యమును జేర్చినది. మనువు గ్రాసాచ్ఛాదనములకు నారదుని కుల మట్లు చట్టమునఁ గూడినది.

తరువాతి చట్టములు దాయమును దాఁటి యుద్యోగమునకును నివాసమునకును బోయినవి. 1995వ సంవత్సరపుఁ జట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి 3 చొప్పునఁ బ్రత్యేకించినది. భారతదేశము 2007లో నంగీకరించిన యంతర్జాతీయ సమయము ననుసరించి 2016లో వచ్చిన హక్కుల చట్టము దానిని 4 చేసి, వైకల్యభేదములను 21గా లెక్కించినది. ఈ చట్టమున వికలాంగుని నిర్వచనము శాబ్దికుఁ డొకమాఱు చదువఁదగినది. దీర్ఘకాలికమైన లోపము గలిగి, యడ్డంకులతోఁ దాఁకుటచేత సంఘమునఁ దక్కినవారితో సమముగాఁ బాలుగొనలేకపోవువాఁడు వికలాంగుఁడని దాని భావము. అనఁగాఁ దృతీయావిభక్తి కంటికిఁ గాక యడ్డంకికిఁ జేరినది.

ఆ చట్టమున నయిదవ విభాగము, వికలాంగునకు జనసంఘమునందు నివసించు హక్కు కలదనియు, నేదో యొక నిర్ణీతమైన వసతియందే యుండుమని వానిని నిర్బంధింపరాదనియుఁ జెప్పుచున్నది. ముప్పదియేడవ విభాగము ప్రభుత్వపథకములలో వ్యవసాయభూములను గృహములను బంచునప్పుడు నూటికి 5 వికలాంగులకు, వారిలోను స్త్రీలకుఁ దగిన ప్రాధాన్యముతో, నీయవలెనని విధించినది. ఈ భూమికిని నింటికిని బట్టా యా వికలాంగుని పేరనే వ్రాయఁబడును.